యూరలీ పెట్టని పళ్లెం

మా దీవిలో, లెస్టేర్ ఊళ్ళో చచ్చినవాళ్ళకు వండే మనిషి యూరలీ బెడో. బతికున్నవాళ్ళకు ఎవరైనా వండుతారు. కాస్త ఉప్పు తగిలిస్తే తప్పులన్నీ కప్పుకుపోతాయి. చచ్చినవాళ్ళకు ఉప్పు వెయ్యకూడదు. ఉప్పు లేకుండా మొక్కజొన్న ముద్ద తిప్పాలి, కందులు ఉడికించాలి, కోడిని కాల్చాలి. అవన్నీ తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద సర్ది, పక్కన రమ్ము గ్లాసు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేయాలి. దాన్ని మేం పెద్దల పళ్లెం అంటాం. యూరలీ తిప్పిన ముద్దకు గోరంత ఉండ కూడా కట్టేది కాదు. బతికున్నవాళ్ళం మేమే నోరూరి చూసేవాళ్ళం, ఇక పోయినవాళ్ళ సంగతి చెప్పాలా!

పళ్లెం ఎప్పుడు పెట్టాలో మేం నిర్ణయించం. పోయినవాడే ఎవరో ఒకరి కలలోకి వచ్చి అడుగుతాడు. ఆకలేస్తోందంటాడు, చలేస్తోందంటాడు. తెల్లారగానే కల కన్న మనిషి ఆ ఇంటికి వెళ్ళి ఆ సంగతి చెప్పెయ్యాలి. అది కోపమున్న ఇల్లయినా సరే, మాటల్లేని ఇల్లయినా సరే. ఆ కబురు దాచుకున్నవాడు పోయినవాడి నోటిదగ్గర ముద్ద లాగేసుకున్నట్టే లెక్క. చర్చికి వెళ్ళేవాళ్ళం, పాదిరిగారికి దణ్ణం పెట్టేవాళ్ళం, అది వేరు. ఇది వేరు. పాదిరిగారికి కూడా ఈ సంగతి తెలుసు, కానీ ఆయనా ముద్దకోసమే ఊరుకునేవాడని నా అనుమానం.

యూరలీకి పద్దెనిమిదేళ్ళప్పుడు తల్లి కాన్పులో పోయింది. తండ్రి బెడో రెండేళ్ళకు ట్రినిడాడ్ పోతూ ఓడతో సహా మునిగాడు. చేతిలో ఇద్దరు తమ్ముళ్ళు మిగిలారు. ఆరేళ్ళ ఓస్మండ్, రెండేళ్ళ క్లీవ్. మొదటి పళ్లెం తండ్రికే పెట్టింది, ఊరి పెద్దావిడ వెరోనీక్ పెద్దమ్మ పక్కన నిలబడి నేర్పుతుంటే. అప్పట్నుంచీ ఆ పని ఆమె చేతికే వచ్చింది.

ఓడమీద పనిచేసే అల్సీడ్ అని ఒకడు ఆమె వెనక మూడేళ్ళు తిరిగాడు. మంచివాడే.

"పెళ్ళి చేసుకుందాం యూరలీ. పిల్లలిద్దరూ మనతోనే ఉంటారు, నాకేం బరువు కాదు," అన్నాడు.

"నీకు బరువెందుకవుతారయ్యా? నువ్వు ఓడెక్కి పోతావు. ఇంట్లో ఇద్దరికి బదులు ముగ్గురికి వండాల్సింది నేను. వీళ్ళు మీసాలు మొలిచేదాకా ఆగు," అంది.

అతను ఆగలేదు. అరూబా దీవిలో చమురు ఫ్యాక్టరీకి పోయి అక్కడే ఎవర్నో కట్టుకున్నాడు. యూరలీ ఏడవలేదు. కనీసం మాకు కనపడేట్టు ఏడవలేదు. ఆ మనిషికి కోపం ముక్కుమీదే ఉండేది, కన్నీళ్ళు ఎక్కడ దాచిందో మాకు తెలియదు.

ఓస్మండ్ వాగుడుకాయ. క్లీవ్ నోట్లో నాలుక లేనివాడు. పెద్దవాడు చదువుకుని బడిలో చిన్నపంతులయ్యాడు, చిన్నవాడు పడవలు కట్టేవాళ్ళ దగ్గర పనికి కుదిరాడు. యుద్ధం వచ్చాక బడిలోకి రేడియో వచ్చింది, రేడియోతో ఓస్మండ్‌కు పిచ్చి పట్టింది. ఇంగ్లండులో వాయుసేనకు మనుషులు కావాలట, మన దీవులవాళ్ళను కూడా తీసుకుంటున్నారట. రోజూ అదే గోల.

"పడవెక్కితేనే కక్కుకుంటావు, నువ్వు గాల్లో ఎగురుతావా?" అంది యూరలీ.

"గాల్లో అలలుండవక్కా!"

"పడితే కింద అలలేగా ఉండేది!"

"పడతానని ఎవరన్నారు? నీ నోటి చలవ వల్ల ఆ జర్మనీవాడే పడతాడు."

ఆమె నవ్వేసింది. వాడు ఎప్పుడూ అంతే, నవ్వించి పని చేయించుకునేవాడు. నలభైరెండులో వెళ్ళాడు. విమానం తోకలో గాజుగూట్లో కూర్చుని తుపాకీ కాల్చే పని ఇచ్చారని ఫొటోతో సహా రాశాడు. యూరలీ ఆ ఫొటో పట్టుకుని ఊరంతా తిరిగింది. "వెనక్కి తిరిగి కూర్చుంటాడట. ఎటు పోతున్నాడో కనపడదట. ఇదేం ఉద్యోగమమ్మా, వచ్చిన దారి చూసుకుంటూ పోవడం!" అని అందరి దగ్గరా నవ్వింది. ఇంటికొచ్చి ఆ ఫొటోను బైబిల్లో పెట్టి, బైబిల్ను పెట్టెలో పెట్టి తాళం వేసింది.

నలభైనాలుగులో నేలమీద పనిచేసేవాళ్ళను కూడా తీసుకుంటున్నారని తెలిసింది. ఈసారి పంపింది ఆమే. "నువ్వు పోరా క్లీవ్. విమానం ఎక్కొద్దు, కిందే ఉండు. వాడి మీద ఓ కన్నేసి ఉంచు," అంది. క్లీవ్ సరేనన్నాడు. ఆమె ఏం చెప్పినా వాడు సరే అనేవాడు. విమానాల రెక్కలకు పడ్డ కన్నాలకు రేకులు అతికే పని ఇచ్చారు వాడికి. పడవకు పలక అతికే చేతికి అదేం కష్టం కాదు. కానీ అన్న ఉన్న చోటు ఒకటి, వీడు ఉన్న చోటు ఒకటి, మధ్యలో ఒక రోజు రైలు ప్రయాణం.

ఆ సెప్టెంబరులో తంతి వచ్చింది. తపాలా గుమాస్తా పాస్కల్ తనే మోసుకుని, ఎండలో హిల్స్‌బరో టౌను నుంచి నడిచొచ్చాడు. వాకిట్లో నిలబడి టోపీ తీశాడు. టోపీ తీయడం చూడగానే ఆమె గుమ్మంలో కూర్చుండిపోయింది.

"చదవండి బాబూ."

"సార్జెంట్ ఓస్మండ్ బెడో... విధి నిర్వహణలో... కనిపించుట లేదు."

"ఆ తర్వాత?"

"అంతే ఉందమ్మా."

యూరలీ లేచి గౌను దులుపుకుంది. "ఓస్, ఇంతేనా! కనిపించకపోతే వెతుక్కోమనండి. అంత పెద్ద సర్కారు, వెతుక్కోలేదా?" అంది. పాస్కల్ టోపీ పెట్టుకున్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

వెరోనీక్ పెద్దమ్మ సాయంత్రానికే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అప్పటికే ఆవిడకు ఎనభై దాటాయి. మాలో ఎవరి తాత ఎవరి మామో ఆవిడే చెప్పాలి.

"పళ్లెం పెట్టమ్మా యూరలీ. గోరీ కూడా లేనివాడు. వాడికి ఇంకేముంది?"

"ఎవరికైనా కలొచ్చిందా పెద్దమ్మా?"

"నాకైతే రాలేదు."

"ఊళ్ళో ఎవరికైనా?"

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. మేమందరం ఒకర్నొకరు అడిగి చూసుకున్నాం. ఎవరికీ రాలేదు.

"మరి ముందు కల, తర్వాత పళ్లెం అని నేర్పింది నువ్వేగా. బతికున్నవాడికి పళ్లెం పెడితే ఏమవుతుందో చెప్పింది కూడా నువ్వే. నా చేత్తో నా తమ్ముణ్ణి చంపమంటావా?"

పెద్దమ్మ కర్ర తీసుకుని లేచింది. నిజమే, బతికున్నవాడి పేరు పళ్లెం దగ్గర పోయినవాళ్ళ పేర్లతో కలిపి పిలిస్తే వాడు ఎక్కడున్నా అటువైపు నడిచిపోతాడు. మాలో ఆ సాహసం చేసేవాడు లేడు. పైగా యూరలీ వాదన కూడా గట్టిదే. మా ఓస్మండ్ ఆకలికి ఆగలేని మనిషి. వాడు పోయి ఉంటే అడక్కుండా ఉంటాడా? ఊరందరి కలల్లోనూ గోల చెయ్యడూ!

ఆ రాత్రే క్లీవ్‌కు ఉత్తరం రాసింది. "నీకు కలలో కనిపించాడా? నిజం చెప్పు. కనిపించాడని గానీ రాశావో, ఆ కాగితం చేతిలో పట్టుకునే సముద్రంలోకి నడిచిపోతాను, గుర్తుపెట్టుకో." ఇలాగే రాసింది. ఉత్తరం మూసే ముందు పక్కింట్లో ఉన్న నాకు చదివి వినిపించింది కూడా. చివరి మాట తీసెయ్యమన్నాను. "నువ్వు నోరు మూసుకో," అంది. మూసుకున్నాను.

క్రిస్మస్‌కు జవాబు వచ్చింది. క్లీవ్ సెలవు పెట్టి అన్న ఉన్న చోటికి వెళ్ళాడట. ఇంకో విమానంలోవాళ్ళు చూశారట, ఓస్మండ్ విమానం పడే ముందు గాల్లో రెండు పారాచూట్ గొడుగులు విచ్చుకున్నాయట. దూకి బయటపడితే జర్మనీవాళ్ళు ఖైదు చేస్తారు గానీ చంపరట. చివర్లో ఒక్క ముక్క: "అన్న నాకు కలలోకి రాలేదక్కా."

ఆ ఉత్తరాన్ని యూరలీ ఊరంతటికీ చదివి వినిపించింది. కనపడినవాళ్ళకల్లా గొడుగుల కథే. బజార్లో, బావి దగ్గర, పడవల రేవులో. చివరికి ఆమె వస్తుంటే మగవాళ్ళు "ఒరేయ్, గొడుగులొస్తున్నాయి రోయ్, వానొస్తుందేమో!" అని నవ్వుకునేవాళ్ళు. ఆమె వినేది. విని, "మీ పెళ్ళాల నోళ్ళకు గొడుగులు పట్టుకోండి ముందు," అని పోయేది. అప్పట్లో ఆమె మొహంలో వెలుగుండేది, అబద్ధమెందుకు చెప్పాలి.

ప్రతి రెండు నెలలకూ ఉత్తరం పోయేది, ఉత్తరం వచ్చేది. కల వచ్చిందా అని ఈమె. రాలేదని వాడు. యుద్ధం అయిపోయింది. చర్చిలో గంటలు కొట్టారు, మేం రమ్ము తాగాం. ఖైదీలు విడుదలై ఇళ్ళకు చేరుతున్నారని రేడియో చెప్పింది. యూరలీ ఇంటికి తెల్లసున్నం వేయించి, రేవుకు వచ్చే ప్రతి పడవకూ ఎదురెళ్ళింది. మూడు నెలలు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది. ఆ తర్వాత లండన్ నుంచి అచ్చువేసిన కాగితం వచ్చింది. సార్జెంట్ బెడో చనిపోయినట్టు భావించడమైనదట.

"భావించుకోనీ. వాళ్ళకేం తెలుసు? వాళ్ళకు కలలొస్తాయా?" అంది.

కానీ ఊరు మారిపోయింది. నలభైఆరు వర్షాకాలంలో, వెరోనీక్ పెద్దమ్మ మేనల్లుడి ఇంట్లో పళ్లెం పెట్టాల్సి వచ్చింది. వంటకు యూరలీని పిలవలేదు. ఈమె పిలుపు లేకుండానే గరిటె పట్టుకుని వెళ్ళింది. ఆడవాళ్ళు కట్టెలు పేరుస్తూ తలెత్తలేదు. చివరికి పెద్దమ్మే అంది.

"వెళ్ళమ్మా ఇంటికి. మావాళ్ళు నీ చేతి తిండి తినడానికొస్తుంటే నీ తమ్ముడు బయట నిలబడి చూస్తుంటాడు. వాడికి పెట్టకుండా మా వాళ్ళకు ఎట్లా పెడతావు?"

"వాడు బతికున్నాడు పెద్దమ్మా!"

"ఉంటే సంతోషమే. నీ అంత కోరుకునేవాళ్ళమే మేమూ. కానీ నువ్వు మాత్రం వండొద్దు."

ఇరవై ఏళ్ళు ఊరి చచ్చినవాళ్ళందరికీ వండిన మనిషి గరిటె పట్టుకుని వెనక్కి నడిచొచ్చింది. ఆ రోజు తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. పలకరింపులు కూడా తగ్గాయి. మాలో కొంతమందికి భయం, కొంతమందికి కోపం. ఆమె కలల వాదన ఒక్కటే పట్టుకుని కూర్చుంది. ఊరు ఊరంతా ఒకవైపు, సముద్రం అవతల ఉన్న క్లీవ్ మాట ఒకవైపు. ఆమె క్లీవ్ వైపు.

క్లీవ్ నలభైఏడు మార్చిలో వచ్చాడు. సన్నబడ్డాడు, నుదుటి మీద వెంట్రుకలు ఊడాయి, ఇరవైమూడేళ్ళవాడు నలభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. యూరలీ మేకను కోయించింది. వాడు సగం తిని సగం పక్కకు తోసేశాడు. మర్నాడూ అంతే. వారం గడిచినా అంతే. ముద్ద, కందులు, చేప, ఏది పెట్టినా సరిగ్గా సగం దగ్గర చెయ్యి ఆగిపోయేది.

"ఇంగ్లండు తిండి రుచి మరిగావా? నా చేతి వంట దిగట్లేదా దొరగారికి?"

"అది కాదక్కా."

"మరేంటి? కడుపు నొప్పా? ఎవరైనా పిల్లను వదిలొచ్చావా?"

"ఏం లేదక్కా."

ఈస్టర్ ముందర ఒక మధ్యాహ్నం. యూరలీ పెరట్లో కందికాయలు ఒలుస్తోంది. క్లీవ్ వచ్చి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. తనూ రెండు కాయలు తీసుకుని ఒలిచాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"అక్కా, అన్న పోయాడు."

"ఎవరు చెప్పారు?"

"నాకు అప్పుడే తెలుసు. నేను వెళ్ళి అడిగాను కదా. గొడుగులు లేవు. గాల్లోనే ముక్కలైపోయిందట. చూసినవాడు చెప్పి ఏడ్చాడు."

యూరలీ చేతులు కాయల మీదే ఉన్నాయి. ఆమె అరుస్తుందని వాడు భుజాలు ముడుచుకున్నాడు. ఆమె అరవలేదు. చాలా నెమ్మదిగా అడిగింది.

"కల?"

వాడు ఇంకో కాయ తీసుకుని ఒలిచాడు.

"క్లీవ్. కల వచ్చిందా?"

"తంతి వచ్చిన వారంలోనే వచ్చాడు. అప్పట్నుంచీ వస్తూనే ఉన్నాడు. మేం పడుకునే బారకాసు గుమ్మం దగ్గర నిలబడతాడు. బూట్లుండవు, తడిసిన మేజోళ్ళతో ఉంటాడు. ప్రతిసారీ ఒకటే మాట. 'ఒరే క్లీవ్, అక్క వండిందట్రా?' అంటాడు."

"నువ్వేమన్నావ్?"

"'వండుతోందన్నా, కాసేపుండు,' అన్నాను. ప్రతిసారీ అదే అన్నాను. నిన్న రాత్రి కూడా." వాడు అప్పుడు తలెత్తాడు. "నువ్వు సముద్రంలోకి నడిచిపోతానని రాశావక్కా. ఇద్దరూ పోతే నాకెవరున్నారు?"

యూరలీ లేచింది. ఒళ్ళో కందులన్నీ నేలపాలయ్యాయి. పెరటి గోడ దాకా నడిచి, గోడ పట్టుకుని నిలబడింది. ఎంతమంది కడుపులు నింపింది ఆ మనిషి! ముక్కూ మొహం తెలియని తాతలకు, ముత్తాతలకు, ఊరికి పరాయివాళ్ళై పోయినవాళ్ళకు కూడా వండింది. సొంత తమ్ముడు ఆకలితో తడిసిన కాళ్ళతో గుమ్మంలో రెండున్నరేళ్ళు నిలబడితే, ఈవిడ వాడు రాలేదని సంతోషపడింది. ఆ మాట ఆమే అంది, గోడ వైపు తిరిగి, "నా చేతులతో వాణ్ణి మాడ్చాను," అని. క్లీవ్ దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

వాణ్ణి ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని క్లీవ్ తర్వాత నాతో అన్నాడు.

శనివారం పళ్లెం పెట్టింది. పిలవకుండానే ఊరంతా వచ్చింది. వెరోనీక్ పెద్దమ్మను కుర్చీలో మోసుకొచ్చారు. డోళ్ళు వచ్చాయి, రమ్ము వచ్చింది. యూరలీ ఎవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పొద్దున్నుంచీ ఒక్కతే ముద్ద తిప్పింది, కోళ్ళు కాల్చింది, కందులు వండింది. ఆకలిగా ఉన్నవాడికి కదా అని మామూలు కంటే మూడింతలు వండింది. సాయంత్రం పెద్దమ్మ పోయినవాళ్ళ పేర్లన్నీ పిలిచి, చివర్లో ఓస్మండ్ పేరు పిలిచింది. మేం నేలమీద రమ్ము పోశాం. యూరలీ పళ్లెం సర్ది, తలుపు దగ్గరగా వేసి, ఆ తలుపు పక్కనే నేలమీద కూర్చుంది. మేమందరం ఆడాం, ఆమె ఆడలేదు.

తెల్లారాక క్లీవ్ లేచేసరికి ఆమె మంచం పక్కన నిలబడి ఉంది. నేను వాకిట్లో నా గిన్నెలు ఏరుకుంటున్నాను, అంతా వినపడింది.

"వచ్చాడా?"

క్లీవ్ కళ్ళు నులుముకున్నాడు. "వచ్చాడక్కా. తిన్నాడు."

"ఏమన్నాడు?"

"ముద్ద బావుందన్నాడు. కాళ్ళు ఆరిపోయాయి. నవ్వుతూ పోయాడు."

ఆమె వాడి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. వాడు కళ్ళు తిప్పుకోలేదు. వాడి గొంతు తడబడలేదు. "అన్న కలలోకి రాలేదక్కా" అని పదిహేను ఉత్తరాల్లో రాసిన చెయ్యి కూడా ఎప్పుడూ తడబడలేదు, ఆ గుండ్రటి అక్షరాలు నేనూ చూశాను.

"నిజంగానా?"

"నిజంగానే అక్కా."

ఆమె తల ఊపి వంటింట్లోకి పోయింది.

ఊరు ఆమెను మళ్ళీ వంటలకు పిలిచింది. వెళ్ళలేదు. ఎవరెంత బతిమాలినా గరిటె పట్టలేదు. ఓస్మండ్‌కు మాత్రం ఏడాదికోసారి అదే శనివారం పళ్లెం పెట్టేది, మూడింతలు వండేది. క్లీవ్ పడవలు కట్టుకుంటూ ఆమెతోనే ఉండిపోయాడు, పెళ్ళి చేసుకోలేదు. తిండి సగం దగ్గరే ఆపేవాడు. పళ్లెం పెట్టిన మర్నాడు తెల్లారి వచ్చాడా అని ఆమె అడిగేది, తిన్నాడక్కా అని వాడు అనేవాడు. ఆమె మంచం పట్టిన ఏడు కూడా అడిగింది. వాడు అదే చెప్పాడు, బావుందన్నాడక్కా, నవ్వాడక్కా అని. ఇరవైనాలుగేళ్ళలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అన్న ఇంకా ఆకలిగానే ఉన్నాడక్కా అని వాడు చెప్పి ఉంటే, మిగతా అన్నిసార్లూ తిన్నాడంటే ఆమె నమ్మి ఉండేది.